చెప్పి చెడేవి, చెప్పకుండా చెడేవి

వాదించుకునే ఇద్దరినీ ముందు పరిచయం చెయ్యాలి. మావయ్య ఐటీఐలో టర్నర్ ట్రేడు నేర్పి రిటైరైన మనిషి. పటమటలో ఇల్లు, ఇంటి వెనక రేకుల షెడ్డు, షెడ్డులో పాత లేత్ మిషను, దాని పక్కన వాళ్ల నాన్నగారు కొన్న 1974 నాటి ప్రీమియర్ పద్మిని. బెజవాడలో ఆ బండిని ఇప్పటికీ అందరూ ఫియట్ అనే అంటారు, నేనూ అంతే. మేనల్లుడు చెన్నైలో ఒక కార్ల కంపెనీలో బ్రేకుల విభాగంలో ఇంజినీరు, దసరాకి వచ్చాడు. నేను పక్కింటివాణ్ణి. వాళ్ల మాటల్ని కొంచెం సర్దాను, తిట్లు కొన్ని తీసేశాను. నాకు తోచింది అక్కడక్కడా బ్రాకెట్లలో పెట్టాను.

మేనల్లుడు: మావయ్యా, కోప్పడనంటే ఒకటి అడుగుతా. ఈ బండి మీద పెట్టిన డబ్బుకి మంచి సెకండ్ హ్యాండ్ కారు వచ్చేది కదా?

మావయ్య: వచ్చేది. మీ అత్తయ్య రోజూ కాఫీతో పాటు ఆ మాట కూడా ఇస్తుంది. డబ్బు సంగతి ఎత్తకు. అందులో నేను ఎప్పుడో ఓడిపోయాను. ఇంకేమన్నా ఉంటే చెప్పు.

మేనల్లుడు: ఉంది. మీరు దీన్ని బాగుచేస్తున్నానంటారు. నాకేమో వేరే బండిని తయారుచేస్తున్నట్టుంది. గేరు రాడ్డు బుష్షులు మీ లేత్ మీద తీసినవి. కార్బొరేటరు కింద ప్యాకింగు మీరు కత్తిరించింది. ఫ్లోరు రేకు మీరు కొట్టింది. ఇదంతా అయ్యాక ఇందులో ఫియట్ ఎంత మిగులుతుంది?

మావయ్య: అసలు ఫియట్ అంటే ఏదిరా? ఇటలీ వాళ్లు ఈ 1100 బండిని 1969లోనే ఆపేసి 128 మోడలుకి పోయారు. మనవాళ్లు బొంబాయి కుర్లాలో ఇంకో ముప్ఫై ఏళ్లు చేశారు. ముందు డిలైట్ అన్నారు, తర్వాత ప్రెసిడెంట్ అన్నారు, 1974లో పద్మిని అన్నారు. పేర్లు మారాయి, గ్రిల్లు మారింది. లోపల మాత్రం అదే 1089 సీసీ, అదే 68 మిల్లీమీటర్ల బోరు, 75 స్ట్రోకు. మా నాన్న డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. బండి వచ్చాక స్పేర్ల కోసం ఎదురుచూశాడు. ఆ రోజుల్లో పదేళ్లు తిరిగిన ఏ ఫియట్‌లోనైనా ఎవడో ఒక మెకానిక్ చేత్తో చేసిన ముక్క ఉండకుండా ఉండదు. దాన్ని తీసేస్తే మిగిలేదే అసలు బండి అని నువ్వంటావు. ఆ ముక్కతో సహా అసలు బండి అని నేనంటాను. బొంబాయి టాక్సీలు చూడలేదూ? ఆఖరి పద్మిని టాక్సీ 2003 అక్టోబరులో రిజిస్టరై, ఇరవయ్యేళ్ల గడువు నిండాక 2023 అక్టోబరులో దిగిపోయింది. వాటిని నిలబెట్టింది కుర్లా ఫ్యాక్టరీ కాదు, ఫుట్‌పాత్ మీద పని చేసే మేస్త్రీలు.

మేనల్లుడు: ఆ ఉదాహరణ నా వైపే వస్తుంది. ఒకే ఊళ్లో వేల సంఖ్యలో ఒకే రకం బండి. ఒక మేస్త్రీ ఒకే జబ్బును వందసార్లు చూస్తాడు. వందోసారి వేసిన మందుకి ఒక విలువుంటుంది. మీ షెడ్డులో ఉన్నది ఒక్క బండి, మీరు మొదటిసారి వేస్తున్న మందు.

మావయ్య: నేను ఒక్కణ్ణే కాదురా, వెనకాల ఆటోనగర్ ఉంది.

(ఉంది, నిజమే. లారీ బాడీ మొత్తం కట్టి పంపే చోట ఫియట్ బుష్షు ఎంత పని! అయితే అక్కడి మేస్త్రీలు కూడా ఈ మధ్య ఫియట్ అంటే పాత చుట్టాన్ని చూసినట్టు నవ్వి, చేతిలో ఉన్న డీజిల్ పంపు పని చూసుకుంటున్నారు. మావయ్య ఈ సంగతి ఒప్పుకోడు.)

మేనల్లుడు: సరే, ఆ గేరు బుష్షు సంగతే తీసుకుందాం. ఎందుకు చేశారు, కొనకుండా?

మావయ్య: కొన్నాను. వేశాను. వదులు పోలేదు. అప్పుడు కూర్చుని ఆలోచించాను. దీని గేరు స్టీరింగు కిందే కదా. చేతి దగ్గర రాడ్డు, కింద ఇంకో రాడ్డు, మధ్యలో కీళ్లు, ఒక్కో కీలులో ఒక బుష్షు. ఒక్కో చోట అర మిల్లీమీటరు ఆట ఉంటే, అన్నీ కలిసి చేతి దగ్గరికి వచ్చేసరికి జానెడు అవుతుంది. రెండో గేరు నుంచి మూడుకి పోవాలంటే తెల్లారి పక్క కింద కళ్లజోడు వెతుక్కున్నట్టు వెతకాలి. అందరూ బుష్షు మారుస్తారు. అరిగింది బుష్షు ఒక్కటే కాదు, దాన్లో తిరిగే పిన్ను కూడా. మైక్రోమీటరు పెట్టి చూస్తే పిన్ను గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా ఉంది. కొత్త బుష్షులో కోడిగుడ్డు తిరిగితే నెల్లాళ్లలో బుష్షూ అదే ఆకారానికి వస్తుంది. అందుకని ముందు పిన్ను లేత్ మీద సాపు చేశాను. సన్నబడింది. సన్నబడిన పిన్నుకి బజారులో బుష్షు దొరకదు, కాబట్టి నైలాన్ కడ్డీ తెచ్చి దాని కొలతకి నేనే తీశాను.

మేనల్లుడు: నైలాన్ వానాకాలంలో బిగుసుకోలేదూ?

మావయ్య: ఎవరు చెప్పారు నీకు?

మేనల్లుడు: ఎవరూ చెప్పక్కర్లేదు. నైలాన్ నీళ్లు పీలుస్తుంది, పీల్చి ఉబ్బుతుంది. కృష్ణ ఒడ్డున శ్రావణమాసంలో ఇంకా ఉబ్బుతుంది. డెల్రిన్ కడ్డీ వాడాల్సింది, అది అంతగా పీల్చదు.

మావయ్య: బిగుసుకుంది. మళ్లీ తీసి కొంచెం వదులుగా రీమరు పెట్టా. ఇప్పుడు బాగానే ఉంది. డెల్రిన్ అంటే ఎక్కడ దొరుకుతుంది?

మేనల్లుడు: పంపిస్తాను. చూశారా, ఈ బుష్షు విషయంలో నాకు అభ్యంతరమే లేదు. పిన్ను కొలిచారు, జబ్బు ఎక్కడుందో పట్టుకున్నారు. బుష్షు పాడైతే ఏమవుతుంది? గేరు వదులవుతుంది, మీ చెయ్యే మీకు చెబుతుంది. నన్ను భయపెట్టింది ఇది కాదు. నిన్న బండి కింద దూరి చూశాను. వెనక చక్రాలకి పోయే బ్రేకు పైపు...

మావయ్య: కొత్తది వేశాను.

మేనల్లుడు: ఫ్రిజ్ రాగి పైపు వేశారు.

మావయ్య: శుద్ధమైన రాగి. తుప్పు పట్టదు. చక్కగా వంగుతుంది. పాత ఇనుప పైపు తుప్పు పట్టే కదా మార్చింది!

మేనల్లుడు: మావయ్యా, మీరు ఐటీఐలో పిల్లలకి నేర్పారే, రాగిని కొడుతూ ఉంటే ఏమవుతుందని?

మావయ్య: గట్టిపడుతుంది. ఎర్రగా కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడుతుంది.

మేనల్లుడు: బండి కింద ఉన్న పైపుని రోడ్డు కొడుతూనే ఉంటుంది. ఇంజను వణుకు, గుంతలు, ప్రతి బ్రేకుకీ లోపల ఒత్తిడి. గట్టిపడుతుంది, గట్టిపడి గట్టిపడి ఒక రోజు మూతి దగ్గర చీలుతుంది. దాన్ని కాల్చి మెత్తబరిచేవాడు అక్కడ ఎవడూ ఉండడు. ఇంకోటి, ఆ పైపు మూతి మీరు ఒకే మడత మడిచారు. ఏసీ మెకానిక్కులు మడిచేది అలాగే. బ్రేకు పైపుకి రెండు మడతలుండాలి, లేకపోతే అంచు పగులుతుంది. అన్నిటికంటే పెద్ద సంగతి, ఈ బండికి బ్రేకు లైను ఒక్కటే. ఇప్పటి కార్లలో రెండు లైన్లు, ఒకటి పోతే ఇంకోటి కాస్తుంది. దీంట్లో ఎక్కడ చీలినా పెడలు నేలకి ఆనుతుంది, నాలుగు చక్రాలూ ఒకేసారి పోతాయి. బెంజి సర్కిల్ దగ్గర అలా అయితే?

(ఇక్కడ మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. అత్తయ్య లోపల్నుంచి గారెలు పంపింది. వాటి మీద కాసేపు ఇద్దరూ ఏకాభిప్రాయంతో ఉన్నారు.)

మావయ్య: ఆ పైపు తీసేస్తా.

మేనల్లుడు: రాగి, నికెలు కలిపిన పైపు బ్రేకుల కోసమే చేస్తారు. లేదా మామూలుగా పూత పూసిన ఉక్కు పైపే. అది నేను తెస్తాను. రబ్బరు హోసులు కూడా కొత్తవే కొందాం, వాటిని ఎవరూ ఇంట్లో చెయ్యొద్దు.

మావయ్య: సరే. కానీ నువ్వు చెప్పిన దాంట్లో ఒకటి పట్టుకున్నాను. బుష్షుకి నువ్వు ఒప్పుకున్నది అది చెప్పి చెడుతుందని. పైపుకి ఒప్పుకోనిది అది చెప్పకుండా చెడుతుందని. అంతేనా నీ లెక్క?

మేనల్లుడు: మా ఉద్యోగంలో సగం లెక్క అదే. ఏ భాగం ఎంత గట్టిది అన్నది తర్వాత. చెడేటప్పుడు ముందుగా కూస్తుందా, కారుతుందా, గలగలలాడుతుందా, లేక నిన్నటిదాకా బాగుండి ఇవాళ ఠపీమంటుందా, అది ముందు. కూసేవాటిని మీరు చేత్తో చెయ్యండి, నేను అడ్డు రాను. ఠపీమనేవి నాకు వదిలెయ్యండి.

మావయ్య: ఆగాగు. మరి వీల్ సిలిండర్లు? బజారులో దొరికేవి నకిలీవి, నీకు తెలుసు. ఉన్నవాటి లోపల తుప్పు తిని గుంటలు పడ్డాయి. బ్రేకు ఆయిలు గాల్లో తేమ పీలుస్తుంది కదా, ఏళ్ల తరబడి మార్చకుండా వదిలేస్తే లోపల తుప్పే. కొత్త రబ్బరు కప్పు వేసినా ఆ గుంటలకి గీసుకుని వారంలో కారుతుంది. నేను వాటిని బోరు చేసి స్టెయిన్‌లెస్ గొట్టం దిగ్గొట్టి, మళ్లీ పాత కొలతకే హోనింగు చేద్దామనుకుంటున్నా. ఇదీ చేతిపనే, ఇదీ బ్రేకే. దీన్ని ఎటు వేస్తావు?

మేనల్లుడు: ఇది... ప్రపంచమంతా పాత బండ్లవాళ్లు చేసే పనే. సరిగ్గా చేస్తే కొత్త ఇనుప సిలిండరు కంటే మంచిది, మళ్లీ తుప్పు రాదు. చెడితే కారుతుంది, డ్రమ్ము లోపల తడి, టైరు లోపలి పక్క మరకలు. చెబుతుంది.

మావయ్య: అయితే ఒప్పుకున్నట్టే!

మేనల్లుడు: చెబుతుంది గానీ మనం వినాలి కదా. ఎవరైనా బానెట్ తీసి ఆయిలు మట్టం చూస్తేనే వినపడుతుంది. చూసేది ఎవరు? ఒకే లైను బండిలో చిన్న కారుడు కూడా చివరికి మొత్తం కారుడే.

మావయ్య: దానికి నా దగ్గర ఉపాయం ఉంది. బ్రేకు ఆయిలు డబ్బా మూతకి చిన్న తేలుడు బుడ్డి పెడతా. దానికో అయస్కాంతం, పక్కన రీడ్ స్విచ్చి. మట్టం దిగితే డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం. ఫ్యాక్టరీ వాళ్లు దీనికి ఇవ్వలేదు ఆ నోరు. నేనిస్తా.

మేనల్లుడు: దీపం బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

మావయ్య: సెల్ఫు తిప్పినప్పుడల్లా ఒకసారి వెలిగేలా వైరింగు చేస్తా. వెలగకపోతే బల్బు పోయినట్టు.

మేనల్లుడు: ఇది మా కంపెనీలో నెలల తరబడి మీటింగులు పెట్టి రాసే కాగితం మావయ్యా.

(నాకు ఈ చోట వాదన మలుపు తిరిగిందనిపించింది. అంతదాకా మేనల్లుడి లెక్క ఒక వడపోత: ఇది చెయ్యొచ్చు, అది కూడదు. మావయ్య దాన్ని తిరగేశాడు. మూగగా చెడే భాగానికి మాట నేర్పడం కూడా చేతిపనే అన్నాడు. చెయ్యి పనికి ఇంతకంటే గౌరవమైన పని ఉందని నేననుకోను. కానీ దీని చివర ఎక్కడ తేలుతుందో అప్పటికి ఇద్దరికీ తెలియదు.)

మేనల్లుడు: నిన్న మీరు చింతపండు నీళ్లలో ఏవో నానబెట్టారు?

మావయ్య: బోల్టులు, నట్లు. ఇత్తడి చెంబులు తోమే చింతపండే ఇనుము తుప్పుకీ పనిచేస్తుంది. నిమ్మ ఉప్పు ఇంకా తొందరగా తింటుంది. రేకు ముక్కలకైతే చాకలి సోడా నీళ్లు, బ్యాటరీ ఛార్జరు. మైనస్ వైరు మన ముక్కకి, ప్లస్ వైరు పనికిరాని ఇనుముకి. పొద్దున్నకి తుప్పంతా ఊడి వస్తుంది.

మేనల్లుడు: ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ గరిటె పెట్టలేదు కదా? దాన్నుంచి విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. పైగా బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, తలుపులు తీసి ఉంచాలి, పక్కన నిప్పు ఉండకూడదు.

మావయ్య: తెలుసురా. పాత మడ్గార్డు ముక్క పెట్టాను. షెడ్డుకి తలుపే లేదు.

మేనల్లుడు: బోల్టుల్లో స్టీరింగువీ, చక్రాలవీ ఉన్నాయా?

మావయ్య: ఉన్నాయి.

మేనల్లుడు: అవి తీసి పక్కన పెట్టండి. గట్టి ఉక్కుని ఆమ్లంలో నానబెడితే పుట్టే హైడ్రోజన్ లోపలికి దూరుతుంది. బయటికి తళతళలాడుతూ ఉంటుంది, లోపల పెళుసవుతుంది. బిగించిన పూట ఏమీ కాదు. కొన్ని రోజులయ్యాక దానంతటదే విరుగుతుంది. మామూలు బోల్టుకి చింతపండు కాదు, నెయ్యి పోసినా నేనేం అనను. స్ప్రింగులు, గట్టి బోల్టులు మాత్రం వైరు బ్రష్షుతో తోమడమే. స్టీరింగువి కొత్తవి కొనడం ఇంకా మేలు.

మావయ్య: చెప్పకుండా చెడే జాతి.

మేనల్లుడు: ఆ జాతికి రాజు.

మావయ్య: సరే, ఇప్పుడు నా వంతు. రా, కింద కూర్చో. ఈ గుమ్మం కింద చూడు. తలుపు కింద పొడుగ్గా పోయే ఈ పెట్టె.

మేనల్లుడు: ఈ పని నేను నిన్ననే చూశాను. బీరువా రేకు వేశారని అత్తయ్య చెప్పింది.

మావయ్య: బీరువా రేకు వేసింది ఫ్లోరుకి. బీరువా తలుపంటే తక్కువగా చూడకు, ఇరవై గేజి సీఆర్ రేకు, రంగు మొత్తం గీకి తీశాకే వేశా. గుమ్మానికి పద్దెనిమిది గేజి కొత్త రేకే తెచ్చాను. ఈ బండికి లారీలా విడిగా ఛాసీ లేదని నాకు తెలుసు. బాడీయే ఛాసీ. ఈ గుమ్మం అందానికి కాదు, ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ పట్టి ఉంచేది ఇదే. ఇది కోస్తే బండి నడుము వాలుతుంది, తర్వాత తలుపు పడదు. అందుకని కోసే ముందు తలుపు కంతలో అడ్డంగా యాంగిల్ ఇనుము బిగించి వెల్డింగు పెట్టాను. బండిని గాల్లో ఎలా పడితే అలా లేపలేదు. చక్రాల మీద నిలబడితే బరువు ఎక్కడ పడుతుందో అక్కడే స్టాండ్లు పెట్టాను. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకున్నా.

మేనల్లుడు: ఆకారం ఎలా వచ్చింది? దీనికి పొడుగునా గాడి ఉంది కదా.

మావయ్య: పాత క్యాలెండరు అట్ట పెట్టి నమూనా కోశా. గాడి కోసం తుమ్మ దుంగలో గాడి తవ్వి, రేకు దాని మీద పరిచి, మొండి ఉలితో చివర్నుంచి చివరికి కొద్దికొద్దిగా కొట్టుకుంటూ పోయా. ఒకేసారి లోతుగా కొడితే రేకు మెలి తిరుగుతుంది. మూడు నాలుగు సార్లు పోతే గాడి దానంతటదే కూర్చుంటుంది. గాడి లేని రేకు డప్పులా మోగుతుంది, గాడి పడ్డ రేకు మోగదు, అదే దాని బలం.

మేనల్లుడు: వెల్డింగు? గ్యాసా?

మావయ్య: గ్యాసు పెడితే పల్చటి రేకు అలలు తేలుతుంది. ఆటోనగర్ నుంచి సీఓటూ మిషను అద్దెకి తెచ్చా. ఫ్యాక్టరీ వాళ్లు వేసిన స్పాట్ వెల్డులు ఒక్కోటీ కోసే ముందు సుద్దతో గుర్తు పెట్టుకుని కాగితం మీద గీసుకున్నా. కొత్త రేకుకి సరిగ్గా అక్కడే కంతలు పొడిచి, కంతలోంచి కింది రేకు దాకా నింపాను. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెట్టుకుంటూ పోయా, వేడి ఒక్కచోట చేరకుండా. ఇప్పుడు తలుపు వేసి చూడు.

(మేనల్లుడు తలుపు వేశాడు. ఫియట్ తలుపు శబ్దం ఒకసారి విన్నవాళ్లకి వర్ణించక్కర్లేదు, విననివాళ్లకి వర్ణించినా ప్రయోజనం లేదు. సందు పైనా కిందా ఒకే వెడల్పు ఉంది.)

మేనల్లుడు: పని బాగుంది. నిజంగా బాగుంది. కానీ లోపల?

మావయ్య: లోపలేముంది?

మేనల్లుడు: ఇది మూసిన పెట్టె. మీరు బయట వెల్డింగు పెట్టినచోటల్లా లోపలి రెడాక్సైడు కాలిపోయింది. తలుపు బీడింగు దగ్గర దిగిన నీళ్లు ఇందులోకే వస్తాయి. రేపట్నుంచే తుప్పు మొదలు, అదీ మీ చక్కటి కుట్ల వెంబడే. బయట రంగు మెరుస్తూ ఉంటుంది. మీరు మొన్న కోసి పారేసిన పాత గుమ్మం కూడా అలాగే పోయుంటుంది, లోపల్నుంచి బయటికి.

మావయ్య: మైనం కరిగించి ఇంజనాయిల్లో కలిపి, వేడివేడిగా కింద నీళ్లు పోయే కంతల్లోంచి లోపలికి కొట్టాను. ఆ కంతలు మాత్రం మూయలేదు, అవి మూస్తే నీళ్లు పోయే దారి ఉండదు.

మేనల్లుడు: మంచిదే. అన్ని మూలలకీ అంటిందని ఎలా తెలుసు? ఐదేళ్ల తర్వాత అక్కడ రేకు ఉందో లేదో ఎలా తెలుస్తుంది? మళ్లీ అదే జాతి.

మావయ్య: ... లోపలి పక్క, కార్పెట్ కింద, రూపాయి బిళ్లంత కంత తీసి రబ్బరు బిరడా పెడితే?

మేనల్లుడు: పెడితే ఏడాదికోసారి బిరడా తీసి ఫోను కెమెరా గొట్టం దూర్చి చూడొచ్చు. మళ్లీ మైనం కొట్టొచ్చు. కంత అంచుకి చుట్టూ మడత పెట్టండి, బలం తగ్గకుండా. గుమ్మం మధ్యలో వద్దు, చివర్లకి దగ్గరగా.

మావయ్య: రాసి పెట్టు.

చిన్న చిన్న విషయాల్లో వాళ్లు పడ్డ తగాదాలు నేను తొందరగా దాటేస్తాను. మేనల్లుడు చెన్నైలో త్రీడీ ప్రింటు చేసి తెచ్చిన ఛోక్ నాబు ఎండలో పెట్టిన బండిలో తలకాయ వాల్చేసింది. పీఎల్ఏ ప్లాస్టిక్ అరవై డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, అద్దాలు మూసిన బండి లోపల ఎండకి ఆ వేడి ఎంతసేపట్లో వస్తుందో బెజవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు. మావయ్య దాన్ని చూసి ఆనందించినంత సేపు ఆనందించి, ఎబొనైటు ముక్కతో ఇంకోటి తీసి బిగించాడు. కార్బొరేటరు కింద ఫ్లాంజి బోల్టులు బిగించీ బిగించీ వంగిపోతే, దళసరి అద్దం మీద ఎమరీ కాగితం పరిచి ఎనిమిది అంకె ఆకారంలో రుద్ది సమం చేశాడు. దానికి మేనల్లుడు చప్పట్లు కొట్టాడు. ఇరవై శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు పాత రబ్బరుని ఉబ్బించి పాడుచేస్తుంది కాబట్టి పంపు డయాఫ్రమూ, పెట్రోలు గొట్టాలూ దానికి తట్టుకునే కొత్త రబ్బరువే వెయ్యాలని మేనల్లుడన్నాడు, మావయ్య మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. పెట్రోలు ట్యాంకుకి చిల్లి పడితే ఇంట్లో వెల్డింగు పెట్టకూడదన్న దానికి మాత్రం ఇద్దరికీ వాదనే లేదు. ఖాళీ ట్యాంకులో పెట్రోలుండదు గానీ ఆవిరి ఉంటుంది, నిండు ట్యాంకు కంటే అదే ప్రమాదం. పాత బ్రేకు లైనింగుల దుమ్ము నోటితో ఊదకూడదన్న దానికీ అంతే. అందులో ఆస్బెస్టాస్ ఉంటుంది. తడిగుడ్డతో తుడవాలి.

మేనల్లుడు: ఇప్పుడు కాగితాల సంగతి. ఈ బండికి యాభై ఏళ్లు నిండాయి. 2021 నిబంధనల ప్రకారం వింటేజి కింద రిజిస్టరు చేయించొచ్చు. మొదటిసారి ఇరవై వేలు ఫీజు, పదేళ్ల చెల్లుబాటు, నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి.

మావయ్య: చదివాను. బండి అసలు రూపంలో ఉండాలట. ఛాసీకి గానీ బాడీకి గానీ ఇంజనుకి గానీ పెద్ద మార్పులు జరిగుండకూడదట. గుమ్మం కొత్తగా కట్టాను కదా, అది మార్పా, బాగుచెయ్యడమా? పైగా వింటేజి అయితే ప్రదర్శనకీ, ర్యాలీకీ, పెట్రోలుకీ, రిపేరుకీ తప్ప బయటికి తియ్యకూడదు. నేను దీన్ని అద్దాల పెట్టెలో పెట్టడానికి చెయ్యట్లేదు. మీ అత్తయ్యని ఎక్కించుకుని కనకదుర్గమ్మ గుడి దాకా పోవాలి. ఐదేళ్లకోసారి ఎఫ్‌సీ చేయించి మామూలు రిజిస్ట్రేషనే పొడిగించుకుంటా.

మేనల్లుడు: అంటే రోడ్డు మీద మామూలు బండిలాగే తిప్పుతారు.

మావయ్య: మామూలు బండే ఇది.

మేనల్లుడు: అయితే సీటు బెల్టులు పెట్టండి.

మావయ్య: దీనికి పుట్టుకతో లేవు.

మేనల్లుడు: అందుకే పెట్టమంటున్నాను. మీ మనవలు ఎక్కుతారు దీంట్లో. ముందుకి గుద్దితే స్టీరింగు కడ్డీ వెనక్కి వస్తుంది, డాష్‌బోర్డు ఇనుము. వెనక సీట్లో పిల్లలు ముందు సీటు మీద నుంచి ఎగురుతారు.

మావయ్య: రంధ్రం పొడిచి బోల్టు బిగిస్తే బెల్టు నిలబడుతుందా?

మేనల్లుడు: నిలబడదు. ఉత్త రేకుకి బిగిస్తే గుద్దినప్పుడు బోల్టు రేకుని చింపుకుని వచ్చేస్తుంది. వెనకాల దళసరి ప్లేటు పెట్టి వెల్డింగు చెయ్యాలి, బరువు పరుచుకునేలా.

మావయ్య: ఎవరు చెయ్యాలి?

మేనల్లుడు: మీరే. ఆ గుమ్మం చూశాక ఇంకెవరికో ఇవ్వమని నేను చెప్పను.

మావయ్య: అయితే విను. బెల్టు ఎప్పుడు చెడుతుంది? గుద్దినప్పుడు. అప్పటిదాకా వందేళ్లయినా చక్కగా వేలాడుతూ ఉంటుంది. కూయదు, కారదు, గలగలలాడదు. దీపం పెట్టడానికి లేదు, బిరడా తీసి చూడ్డానికి లేదు. చెప్పకుండా చెడే జాతిలో ఇంతకంటే మూగది నాకు కనపడట్లేదు. ఠపీమనేవి నాకు వదిలెయ్యండి అన్నది నువ్వు. ఇప్పుడు నన్నే చెయ్యమంటున్నావు.

మేనల్లుడు: మా కంపెనీలో అయితే లాగి చూస్తారు. వేల కిలోల బలంతో లాగే మిషను ఉంటుంది. లాగాక ఆ బాడీని పారేస్తారు.

మావయ్య: నా దగ్గర పారేసే బాడీ లేదు.

మేనల్లుడు: లేదు. కానీ మావయ్యా, పైపు వేరు, ఇది వేరు. చెడ్డ పైపు వేస్తే ఉన్న బ్రేకు పోతుంది. చెడ్డ ప్లేటు వేస్తే ఏం పోతుంది? ఇప్పుడే ఏమీ లేదు కదా.

మావయ్య: ధైర్యం వస్తుందిరా. బెల్టు ఉందని నేను ఎనభైలో పోతాను. పిల్లల్ని ఎక్కించుకుంటాను. లేనప్పుడు ఎక్కించుకోను.

మేనల్లుడు: ఎక్కించుకోరా?

మావయ్య: ఎక్కించుకోను.

మేనల్లుడు: దసరాకి వాళ్లు వచ్చేదే ఫియట్ ఎక్కడానికి!

మావయ్య: మరి నువ్వే చెప్పు, ఏం చెయ్యను?

మేనల్లుడు: ఆ గుమ్మంలోంచి కోసి పారేసిన ముక్కలున్నాయా? పాత తలుపు స్తంభం ముక్క ఏదన్నా ఆటోనగర్ తుక్కులో దొరుకుతుందా? ఇంకో పద్మినిది?

మావయ్య: దొరుకుతుంది. ఎందుకు?

మేనల్లుడు: దానికి మీరు ప్లేటు వెల్డింగు పెట్టండి, బండికి పెట్టబోయేది ఎలాగో సరిగ్గా అలాగే. లారీ జాకీతోనో చైన్‌పుల్లీతోనో దాన్ని చినిగేదాకా లాగుదాం. ఎక్కడ చినిగిందో చూద్దాం, రేకా, వెల్డా, బోల్టా.

మావయ్య: ఎంత బలానికి చినిగిందో ఎలా కొలుస్తావు?

మేనల్లుడు: తుక్కు కొట్లో వేలాడే కాటా ఉండదూ? టన్నుల లెక్కది?

మావయ్య: ఉంటుంది. ఆ కాటా మీద నాకు నమ్మకం లేదు. ప్రతి సారీ వాడికి లాభంగానే చూపిస్తుంది.